మనిషి దిగితే పడిపోయే ముల్లు

"నాకు దెయ్యాల మీద నమ్మకం లేదండీ" అని మొదలుపెట్టి, చివరికి దెయ్యం కథే చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. నమ్మకం లేనివాడు నోరు మూసుకుని కూర్చోవచ్చుగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేనే ఆ మాటతో మొదలుపెట్టాల్సి వచ్చింది. కాబట్టి ఇది చెబుతున్నంతసేపూ నా మీద నాకే కోపంగా ఉంటుంది. అది గమనించి చదవండి.

ముప్పై ఏళ్ళు కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. బాయిలర్ల మీదా పైపుల మీదా ఉండే ప్రెషర్ గేజీలు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని చూడటమే నా ఉద్యోగం. గేజీలో ముల్లు అబద్ధం చెబితే దానికో కారణం ఉంటుంది. నిజం చెబితే దానికీ ఓ కారణం ఉంటుంది. కారణం లేకుండా కదిలిన ముల్లును నా సర్వీసులో నేను చూడలేదు. మాది తెనాలి వైపు. మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు కట్టుకుని పాతికేళ్ళు దాటింది. ఇంట్లో దేవుడి గది ఉంది కానీ అది మా ఆవిడ శాఖ, నేను వేలు పెట్టను.

మా ఆవిడ పేరు ఉమ. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతుంది. కిందటి చలికాలంలో బడి నుంచి ఇంటికి వస్తూండగా ఆటో తిరగబడి కుడి తుంటి ఎముక విరిగింది. ఆ సాయంత్రం స్కూటర్ వేసుకుని వచ్చి తీసుకెళ్ళమని నాకు ఫోన్ చేసింది. టీవీలో క్రికెట్ వస్తోంది. ఆటోలో వచ్చేయమన్నాను. ఈ విషయం తర్వాత తను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నేనిన్ని వెధవ పనులు చేసి ఉండేవాణ్ణి కాదేమో.

ఆపరేషన్ బాగానే జరిగింది కానీ కాలు మాట వినలేదు. నాలుగడుగులు వేసేసరికి నొప్పితో ముఖం మాడిపోయేది. నేల మీద నడిపిస్తే లాభం లేదు, నీళ్ళలో నడిపించండి, ఒంటి బరువు తుంటి మీద పడదు అని ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. నీళ్ళు ఊరికే నిలిచి ఉంటే సరిపోదట, ఎదురు ధార ఉండాలట. ధారకి ఎదురు నడిస్తేనే కండ పడుతుందట. మూడు నెలల్లో కండ పట్టిందా సరే, లేకపోతే చేతికర్ర ఖాయం అంది.

ఉమ కర్ర పట్టుకుని క్లాసులోకి వెళ్ళదు. జూన్‌లో బడి తెరిచేనాటికి బోర్డు ముందు నిలబడగలిగితే నిలబడుతుంది, లేకపోతే రాజీనామా ఇచ్చేస్తుంది. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. పిల్లలకి లెక్కలు చెప్పడం తప్ప తనకి వేరే సరదా లేదు. అది మానేసి ఇంట్లో కూర్చుంటే మనిషి ఏమైపోతుందో నాకు తెలుసు. నాలుగు నెలల పాటు నాకున్న భయం అదొక్కటే.

అందుకే మార్చిలో శంషాబాద్ దగ్గర మంఖాల్ అవతల స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లొకటి కిరాయికి తీసుకున్నాం. యజమాని సిటీలో ఉంటాడు, వారాంతాల్లో పార్టీలకి ఇస్తూ ఉండేవాడు. చుట్టూ వేప చెట్లు, నెత్తిమీద నిమిషానికో విమానం. ఇంటిని కనిపెట్టుకుని యాదమ్మ అనే ఆవిడ ఉంది, యాభై ఐదేళ్ళుంటాయి. ఒకప్పుడు ఆ భూమి వాళ్ళదే. భర్త నర్సింహ గుండెనొప్పితో పోయాక అమ్ముకుని, అక్కడే పనికి కుదిరింది.

పూల్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పక్కనే చిన్న గదిలో మోటారు, దాని పక్కన ఇసుక నింపిన పెద్ద ఫిల్టర్ డ్రమ్ము ఉన్నాయి. మోటారు పూల్‌లోంచి రెండు దారుల్లో నీళ్ళు లాగుతుంది. ఒకటి గోడ పై అంచున ఆకులూ చెత్తా లాగే పెట్టె. రెండోది లోతు చివర అడుగున ఉన్న రంధ్రం, దాని మీద జాలీ మూత ఉంటుంది. లాగిన నీళ్ళు ఇసుకలోంచి వడకట్టుకుని, ఎదురు గోడలో ఉన్న నోట్లోంచి ధారగా పూల్‌లోకి వస్తాయి. డ్రమ్ము నెత్తిన గేజీ. ముల్లు పన్నెండు మీద ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఇసుకలో మురికి పేరుకుంటే ముల్లు పైకి పోతుంది. కిందికి పడిందంటే మోటారుకి నీళ్ళు సరిగ్గా అందడం లేదని అర్థం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి ముల్లు పన్నెండు మీద ఉంది. ధార బలంగా వస్తోంది. ఉమ చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని, కమ్మీ పట్టుకుని మూడు మెట్లు దిగింది. నిమిషం కాలేదు, ధార నీరసపడి ముసలివాడి ఉమ్ములా అయిపోయింది. గదిలోకి వెళ్ళి చూస్తే ముల్లు నాలుగు మీద ఉంది.

నాకు కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా వేసింది. రిటైరైన వాడికి చేతిలో పని పడింది.

నీటిమట్టం చూశాను, సరిపోయినంత ఉంది. పై పెట్టె మూత చూశాను, ఇరుక్కోలేదు. మోటారు ముందు బుట్ట తీసి చూస్తే గుప్పెడు వేపాకులున్నాయి. తీసి పారేసి మళ్ళీ ఆన్ చేస్తే ముల్లు పన్నెండు. సమస్య తీరిపోయిందని ఉమకి గొప్పగా చెప్పాను. మర్నాడు తను దిగింది. ముల్లు నాలుగు. బుట్టలో ఒక్క ఆకు లేదు.

ఆ తర్వాత నేను చేసినవన్నీ చెబితే మీకూ విసుగొస్తుంది. బుట్ట మూత కింది రబ్బరు రింగు మార్చాను. మోటారు లోపల తిరిగే చక్రం విప్పించి చూశాను, కొత్తదానిలా ఉంది. రెండు దారుల వాల్వులూ పూర్తిగా తెరిచే ఉన్నాయి. ఇసుక కడిగించాను. గేజీయే మార్చాను. కొత్త గేజీ కూడా పాతదానిలాగే నాలుగుకి పడింది.

ఎక్కడో గాలి లాగుతోందేమోనని అగరొత్తి వెలిగించి పైపు అతుకుల దగ్గర తిప్పాను. గాలి పీల్చే చోట పొగ లోపలికి పోతుంది, ఫ్యాక్టరీలో చేసే పద్ధతే. యాదమ్మ గుమ్మంలో నిలబడి చూసి చీపురు పక్కన పెట్టి దండం పెట్టుకుంది.

"మంచి పని చేస్తున్నరు సారూ. ఇన్నొద్దులు ఎవ్వరు చెయ్యలే" అంది.

పూజ కాదు తల్లీ, లీకు చూస్తున్నాను అని చెప్పాను. అట్లనే సారూ అని మళ్ళీ దండం పెట్టింది. పొగ ఎక్కడా లోపలికి పోలేదు.

పూల్ మెకానిక్ ఖాజా మా మైలార్‌దేవ్‌పల్లి మనిషే. నలభై ఏళ్ళుంటాయి, పని తెలిసినవాడు. మూడుసార్లు వచ్చాడు. వచ్చిన మూడుసార్లూ ముల్లు పన్నెండు మీద, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చునే పిల్లాడిలా బుద్ధిగా నిలబడింది. ఖాజా దానివంక చూసి, నావంక చూసి, "సార్, జర రెస్ట్ తీస్కోండ్రి" అన్నాడు. ముప్పై ఏళ్ళు గేజీలు చూసినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? యజమానికి ఫోన్ చేస్తే "మాకెప్పుడూ రాలేదండీ ఆ ప్రాబ్లం" అన్నాడు. పార్టీకి వచ్చినవాళ్ళు గేజీ చూస్తారా ఏమన్నా!

ఇలాక్కాదని నోట్‌బుక్కు పెట్టాను. టైము, ముల్లు, కరెంటు, ఎండ, అన్నీ రాయడం మొదలుపెట్టాను. మోటారు తీసుకునే కరెంటు కొలిస్తే, ముల్లు పడినప్పుడు అదీ తగ్గుతోంది. అంటే గేజీ చెబుతున్నది నిజం. మోటారు తిరుగుతోంది, నీళ్ళు మాత్రం దాని దాకా రావడం లేదు. బుట్ట మూత గాజులాంటిది, లోపలికి కనిపిస్తుంది. అందులో ఒక్క గాలిబుడగ లేదు. గాలి లాగడం లేదు, చెత్త అడ్డం పడలేదు, వాల్వు మూయలేదు. అయినా ఎవరో పైపుకి అరచెయ్యి అడ్డం పెట్టినట్టు నీళ్ళు ఆగిపోతున్నాయి.

మూడు వారాలు రాశాక ఒక మధ్యాహ్నం భోజనం చేసి నోట్‌బుక్కు తిరగేస్తుంటే కనిపించింది. రోజంతా మోటారు నడిచినా ముల్లు పన్నెండు మీంచి కదలదు. ఉమ నీళ్ళలో ఉన్న ఆ గంట మాత్రం నాలుగు. తను ఒడ్డెక్కిన నిమిషంలో మళ్ళీ పన్నెండు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయం కాదు, మంట. నీలం డ్రమ్ము ఒకటి నీళ్ళతో నింపి తాడు కట్టి పూల్‌లో ముంచాను, మనిషి బరువుకి సరిపడా. ముల్లు కదల్లేదు. డ్రమ్మును అటూ ఇటూ లాగించాను, కదల్లేదు. ఖాజాని పిలిపించి పూల్‌లోకి దిగమన్నాను. నవ్వుతూ చొక్కా విప్పి దిగాడు. నేను గేజీ ముందు నిలబడ్డాను. ముల్లు మెల్లగా, ఏ తొందరా లేకుండా, పన్నెండు నుంచి నాలుగుకి వచ్చి ఆగింది. ఖాజాని ఎక్కమన్నాను, ముల్లు కూడా ఎక్కింది. నాలుగుసార్లు దింపి ఎక్కించాను. నాలుగోసారి ఖాజా నవ్వలేదు.

అరుగు మీద బియ్యం ఏరుతూ యాదమ్మ ఇదంతా చూస్తోంది. చేటలోంచి తల ఎత్తకుండానే అంది: "మనిషి నీళ్ళల్ల దిగినంక మోటరు నడుస్తదా సారూ? బంద్ చెయ్యాలె గద."

ఎందుకు బంద్ చెయ్యాలని గట్టిగానే అడిగాను. నా గొంతుకి ఆవిడేమీ బెదరలేదు.

"గీ పూల్ ఉన్న జాగల మా బాయి ఉండె. ఒకపారి పైపు కింద చెత్త తట్టుకున్నదని మా మరిది బాయిల దిగిండు. లోపట మనిషున్నడని చూడక ఎవరో మోటరేసిన్రు. కరెంటు కొట్టి గాడనే పాణం పోయింది. గప్పటి సంది మా ఇంటాయన, బాయిల ఎవరు దిగినా సరే, మోటరు బంద్ చేసి డబ్బ కాడ కూసుంటుండె. మనిషి ఒడ్డెక్కెదాక లేవకపోతుండె. అన్నం గూడ గాడనే తింటుండె."

ఇంటాయన అంటే నర్సింహ, డబ్బా అంటే బావి మోటారు స్టార్టర్. అది ఎక్కడ ఉండేదని అడిగాను. ఇప్పుడు మోటారు గది ఉన్న వైపు చేట్లోంచి చెయ్యెత్తి చూపించింది. భయపెట్టాలని చెప్పలేదు, ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పే సంగతిలా చెప్పి మళ్ళీ బియ్యంలో పడింది.

సాయంత్రం ఉమ అంది: "ఏమండీ, నేను దిగినప్పుడు మోటారు ఆపేయండి. నిలిచిన నీళ్ళలోనే నడుస్తాను. మీకు పుణ్యం ఉంటుంది, ఆ గది వదిలిపెట్టి కాస్త నాతో మాట్లాడండి."

నేను వినలేదు. డాక్టరమ్మ ధార ఉండాలంది. అప్పటికే ఏప్రిల్ సగం అయిపోయింది. కాలు ఇంకా వణుకుతూనే ఉంది. చచ్చిపోయిన రైతు పేరు చెప్పుకుని ఫిజియోథెరపీ మానుకోవడానికి ఇద్దరం చదువుకున్నవాళ్ళమేనా అని అరిచాను. నాకు తెలుసు, నేను అరిచింది తన మీద కాదు. ఆ సాయంత్రం ఫోనెత్తి ఆటోలో రమ్మన్నవాడి మీద.

ఖాజాతో కూర్చుని ఆలోచించాను. ఇద్దరం కలిసి ఒక ఉపాయం తీశాం. ఉన్న మోటారు తీసేసి దానికి రెట్టింపు శక్తి ఉన్నది పెట్టడం, పై పెట్టె నుంచి వచ్చే దారి పూర్తిగా మూసేసి మొత్తం నీళ్ళు అడుగు రంధ్రం నుంచే లాగించడం. పై నుంచి ఏ అడ్డంకి వస్తున్నా అప్పుడిక దానితో సంబంధం ఉండదు. ఆ వాల్వు నేనే నా చేత్తో మూశాను. అడుగున జాలీ ఎలా ఉందని ఖాజాని అడిగాను కూడా.

"అది బాగనే ఉంటది సార్, దానికేమైతది" అన్నాడు.

నాకు ఈత రాదు. ఖాజా దిగిన రోజున ఛాతీ లోతు దాటలేదు. నాలుగున్నర అడుగుల లోతులో తలకాయ ముంచి ఆ జాలీ ఎలా ఉందో ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు. పైనున్న ప్రతి మరనీ విప్పి చూసిన మొనగాణ్ణి నేను.

మర్నాడు పొద్దున పది గంటలు. ఖాజా లేడు, యాదమ్మ కూరగాయలకని శంషాబాద్ వెళ్ళింది. మోటారు వేస్తే ముల్లు పద్దెనిమిది మీద నిలబడింది. ధార చూస్తే ఎదురు నిలబడ్డవాణ్ణి తోసేసేలా ఉంది. ఉమ దిగింది. నేను గది గుమ్మంలో నిలబడి గేజీ చూస్తున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు గడిచాయి. పద్దెనిమిది. నాలో నేనే నవ్వుకున్నాను. ఓడించాను అనుకున్నాను. ఎవర్ని ఓడించానో ఆలోచించలేదు.

ఉమ కూడా సంతోషంగానే ఉంది. ధారకి ఎదురు నడుస్తూ, కమ్మీ వదిలి రెండడుగులు ఎక్కువ వేసింది. లోతు చివరికి వెళ్ళింది. నడుముకి చుట్టుకున్న చున్నీ కొంగు ఊడి కిందికి వేలాడుతోంది. చున్నీ లేకుండా తను ఆరుబయట అడుగు పెట్టదు, నీళ్ళలోకి అసలే దిగదు. అక్కడ మా ఇద్దరమే ఉన్నా సరే.

ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడింది. మెల్లగా కాదు, రాయి పడ్డట్టు. "ఛీ, మళ్ళీనా" అని తల తిప్పి పూల్ వంక చూశాను. ఉమ లేదు.

ఇక్కడ నేను చేసిన పని గురించి నిజం చెబుతాను. మోటారు స్విచ్చు నా కుడి భుజానికి జానెడు దూరంలో ఉంది. ఏ ప్రమాదం జరిగినా ముందు మెషీన్ ఆపండ్రా, తర్వాత పరిగెత్తండి అని ముప్పై ఏళ్ళు కుర్రవాళ్ళకి చెప్పినవాణ్ణి. నేను స్విచ్చు ముట్టుకోలేదు. పూల్ దగ్గరకి పరిగెత్తాను. ఈత రాని మనిషిని, మెట్ల మీద జారి, నడుము లోతు నీళ్ళలో నిలబడి, ఉమా ఉమా అని అరుస్తున్నాను. మోటారు నా వెనక మోగుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నీళ్ళ అడుగున తన పసుపు చుడీదార్ కనిపిస్తోంది. అడుగుకి అంటుకుపోయినట్టు ఒంగి ఉంది. నేను ఇంకో రెండడుగులు వేశానో లేదో, తను పైకి తేలి వచ్చేసింది. దగ్గుతూ, ఉక్కిరిబిక్కిరవుతూ వచ్చి నా భుజం పట్టుకుంది. ఒడ్డుకి లాక్కొచ్చి పడుకోబెట్టాను. అప్పుడు వెళ్ళి మోటారు ఆపాను. అంతవరకూ అది నడుస్తూనే ఉంది.

తెప్పరిల్లాక ఉమ చెప్పింది ఇంతే. చున్నీని కిందనుంచి ఏదో పట్టుకుని లాగింది. తను కూర్చుండిపోయింది. విడిపించుకోవడానికి ముడి వెతుకుతుంటే చేతులు ఆడలేదు. ఇక అయిపోయిందనుకున్నాక, పట్టు వదిలేసింది. "నేను లాక్కోలేదండీ. అది వదిలేసింది" అంది.

సాయంత్రం ఖాజా వచ్చి లోపలికి మునిగి చూశాడు. జాలీ మూతలో అరచెయ్యంత ముక్క విరిగిపోయి ఉంది. ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు. చున్నీ కొస రంధ్రం ఆకారంలో గుండ్రంగా నలిగి నల్లబడి ఉంది. వాల్వులు మేం పెట్టినట్టే ఉన్నాయి. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చిన యాదమ్మ ఉమకి వేడినీళ్ళు పెట్టింది, తల తుడిచింది. నాకు మాత్రం టీ కూడా ఇవ్వలేదు.

ముల్లు సున్నాకి ఎందుకు పడిందో చెప్పడానికి దెయ్యం అక్కర్లేదు. గుడ్డ వెళ్ళి రంధ్రాన్ని మూసింది, మోటారుకి నీళ్ళు ఆగాయి, ముల్లు పడింది. ఇంతవరకూ లెక్క సరిపోయింది. కానీ రంధ్రం మూసుకుపోయినప్పుడే మోటారు పట్టు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మోటారు ఆపితే తప్ప అది వదలదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. రెండో రోజు అదే చున్నీని ఇటుకల సంచికి కట్టి ఆ రంధ్రం మీదకి వదిలాం. ఖాజా, నేను ఇద్దరం ఒడ్డున నిలబడి తాడు పట్టి లాగాం. చేతులు ఒరుసుకుపోయాయి కానీ సంచి కదల్లేదు. స్విచ్చు ఆపగానే తేలిగ్గా వచ్చేసింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే.

మరి ఆ రోజు స్విచ్చు ఎవరూ ఆపలేదు. మోటారు తిరుగుతుండగా ఉమని ఎందుకు వదిలిందో నా నోట్‌బుక్కులో రాయలేకపోయాను.

జాలీ కొత్తది వేయించాను. ఆ రోజు నుంచి ఉమ దిగినప్పుడల్లా మోటారు ఆపేశాను. ధార లేకుండానే, నిలిచిన నీళ్ళలో, గంటకి బదులు రెండు గంటలు నడిచింది తను. డాక్టరమ్మకి చెబితే అలా కూడా చేయొచ్చండీ అంది. ఆ ముక్క మార్చిలోనే చెప్పి ఉంటే ఏం పోయేదో! జూన్‌లో బడి తెరిచినరోజు కర్ర లేకుండా వెళ్ళింది. కొంచెం కుంటు ఉంది. మూడు క్లాసులు నిలబడి చెప్పానని ఫోన్ చేసి చెప్పింది.

ఇల్లు ఖాళీ చేసేముందు ఒక పొద్దున ఖాజా పెద్ద మోటారు విప్పడానికి వచ్చాడు. ఉమ బడిలో ఉంది. నాకు పురుగు తొలిచినట్టుగా ఉంది. విప్పేముందు ఒక్కసారి మోటారు వేయి, నేను దిగుతాను, ముల్లు చూసి చెప్పు అన్నాను. జాలీ కొత్తది, రెండు వాల్వులూ తెరిచే ఉన్నాయి, ప్రమాదం ఏమీ లేదు. పంచె ఎగ్గట్టి మొదటి మెట్టు దిగాను, రెండో మెట్టు దిగాను. మూడో మెట్టు మీద నీళ్ళు మోకాళ్ళు దాటాయి.

"సార్, పడ్డది" అన్నాడు ఖాజా లోపల్నుంచి.

నేను అలాగే నిలబడ్డాను. అరుగు మీద యాదమ్మ కూర్చుని ఉంది. ఈసారి తలెత్తి చూసింది.

"ఎందుకు సారూ, ఊకూకె తిప్పలు పెడతరు" అంది.

మాటిమాటికీ తిప్పలు పెడుతున్నది ఎవర్ని అని నేను అడగలేదు. మోటారు ఆపేయమని ఖాజాకి చెప్పి ఒడ్డెక్కాను. భయం వేసి ఎక్కలేదు. భయపడి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి. సరదా కోసం ఒకర్ని లేపి మళ్ళీ ఆ డబ్బా దగ్గర కూర్చోబెట్టినట్టు నాకు సిగ్గేసింది. దెయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మరి లేని మనిషి ముందు నాకు అంత సిగ్గెందుకు వేసిందో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు.